వీపు అప్పగించినవాడూ, వెనక నుంచి పేల్చినవాడూ

కౌబాయ్ అనగానే మన తెలుగువాళ్ళకి ముందు గుర్తొచ్చేది హీరో కృష్ణ. ఆ తర్వాతే ఏ జాన్ వేన్ అయినా, ఏ క్లింట్ ఈస్ట్‌వుడ్ అయినా! 1971లో 'మోసగాళ్ళకు మోసగాడు' వచ్చేదాకా మా ఉంగుటూరు వైపు జనానికి గుర్రమంటే జట్కా గుర్రమే. ఎడారంటే ఎండాకాలంలో ఇంకిపోయి నెర్రెలిచ్చిన కొల్లేరే. అలాంటిది తెర నిండా రాజస్థాన్ ఇసక దిబ్బలు, వాటి మీద దుమ్ము రేపుకుంటూ గుర్రాలు, గుర్రం మీద అచ్చ తెలుగు మాట్లాడే టోపీవాలా! ఇటు ఏలూరు, అటు తాడేపల్లిగూడెం బస్సులెక్కి కుర్రకారు పరిగెత్తారంటే ఆశ్చర్యమేముంది? పైగా ఆ హీరోగారు మన ఏలూరు సి.ఆర్. రెడ్డి కాలేజీలో చదువుకున్న మనిషాయె!

రచన ఆరుద్రగారిది. దర్శకత్వం కె.ఎస్.ఆర్. దాస్. కెమెరా వి.ఎస్.ఆర్. స్వామి. కృష్ణగారు 2022 నవంబరులో కన్నుమూశారు. మరుసటి ఏడాది మే 31న, ఆయన పుట్టినరోజుకి, అదే బొమ్మకి కొత్త మెరుగులు దిద్ది మళ్ళీ విడుదల చేశారు. యాభై ఏళ్ళు దాటిన బొమ్మని మళ్ళీ హాలుకి తేగలిగారంటే అందులో సరుకున్నట్టే లెక్క!

అయితే గురూ, ఒక్క సంగతి ఎప్పుడైనా గమనించారా? ఆ బొమ్మ పేరులో రెండు మోసాలున్నాయి. కథలో అంతకు పదింతలున్నాయి. వాడు వీణ్ణి ముంచుతాడు, వీడు వాణ్ణి తేలుస్తాడు, నిధి దగ్గరకొచ్చేసరికి ఎవరు ఎవరి పక్షమో తేలదు. బ్రహ్మాండమైన వినోదం! కానీ మోసం చేసినందుకు ఒక్కడైనా ఆ రాత్రి నిద్ర పట్టక మంచం మీద దొర్లాడా? లేదు. అక్కడ మోసం పేకాటలో ఎత్తు లాంటిది. ఎత్తు పారితే ఈల వేస్తాం, పారకపోతే నవ్వుకుంటాం. అంతే.

ఇప్పుడు నేను చెప్పబోయే కౌబాయ్ బొమ్మలో మోసం జరిగేది ఒక్కసారే. కథ సగానికి రాకముందే అయిపోతుంది. మిగతా రీళ్ళన్నీ ఆ మోసం చేసినవాడు ఎలా బతికాడన్నదే! ఆ బొమ్మ పేరు 'ఐ షాట్ జెస్సీ జేమ్స్'. అంటే 'జెస్సీ జేమ్స్‌ని కాల్చింది నేనే'. చూశారా, నేరం ఒప్పుకోలు టైటిల్లోనే ఉంది! 1949లో అమెరికాలో విడుదలైంది. దర్శకుడు శామ్యూల్ ఫుల్లర్. అతనికిదే తొలి చిత్రం.

ముందు ఈ ఫుల్లర్ ఎవరో తెలుసుకోవాలి. హాలీవుడ్‌లో ఎవరి మాటా వినని మొండిఘటాల జాబితా రాస్తే మొదటి వరసలో ఉండే పేరు. 1912లో పుట్టాడు. చిన్నతనంలోనే పత్రికాఫీసులో కాపీలు అందించే కుర్రాడుగా చేరి, 17 ఏళ్ళకే న్యూయార్క్‌లో క్రైమ్ రిపోర్టరయ్యాడు. హత్యలు, ఆత్మహత్యలు, పోలీసు స్టేషన్లు... మనం డిటెక్టివ్ నవలల్లో చదివేవన్నీ అతను కళ్ళారా చూసి రాసేవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో మామూలు సిపాయిగా తుపాకి పట్టి ఉత్తర ఆఫ్రికా, సిసిలీ, నార్మండీ తీరం దాకా వెళ్ళాడు. తిరిగొచ్చాక సెట్టు మీద 'యాక్షన్' అనడానికి బదులు పిస్తోలు పేల్చేవాడని ప్రసిద్ధి! ఆర్టిస్టులు ఉలిక్కిపడి చచ్చేవాళ్ళు కాబోలు!

రాబర్ట్ లిప్పర్ట్ అని చిన్న చిత్రాలు తీసే ఒక నిర్మాత ఉండేవాడు. ఫుల్లర్ అతని దగ్గరికి మొదట తీసుకెళ్ళిన కథ కౌబాయ్ కథే కాదు. జూలియస్ సీజర్‌ని పొడిచిన కాసియస్ కథ! అభిమానించాల్సిన మనిషినే చంపినవాడి మనసులో ఏముంటుందన్నది ఫుల్లర్‌ని పట్టి పీడిస్తున్న ప్రశ్న. దుప్పట్లు చుట్టుకుని తిరిగే రోమనులతో సినిమా నాకొద్దు బాబూ అన్నాడు నిర్మాత. సరే, అదే కథకి టోపీ పెట్టి గుర్రమెక్కిస్తానన్నాడు ఫుల్లర్. అలా కాసియస్ కాస్తా బాబ్ ఫోర్డ్ అయ్యాడు. పది రోజుల్లో షూటింగు పూర్తి! పెద్ద తారలు లేరు, పెద్ద సెట్టింగులు లేవు, రంగులూ లేవు. బాబ్ ఫోర్డుగా జాన్ ఐర్లండ్, జెస్సీగా రీడ్ హాడ్లీ, నాయిక సింథీగా బార్బరా బ్రిటన్.

ఇక జెస్సీ జేమ్స్ సంగతి. అమెరికా వాళ్ళకి ఇతను పాటలకెక్కిన బందిపోటు. అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షాన గెరిల్లాగా తిరిగి, ఆ తర్వాత బ్యాంకులూ రైళ్ళూ దోచాడు. మనుషుల్ని చంపాడు. అయినా అతన్ని వీరుడని పొగుడుతూ ఒక పత్రికా సంపాదకుడు రాసిన రాతలు జనంలోకి వెళ్ళిపోయాయి. ఉన్నవాళ్ళని కొట్టి లేనివాళ్ళకి పెట్టేవాడని ఊరూరా చెప్పుకున్నారు. నిజానికి పెట్టిందేం కనపడదు కానీ, పేరు మాత్రం అలా నిలిచిపోయింది.

కథ బ్యాంకు దోపిడీతో మొదలవుతుంది. మాటల్లేవు. ఒక ముఖం, ఇంకో ముఖం, చెమట, కళ్ళు, గంట మోగించాలని కౌంటరు కింద మెల్లిగా జరిగే ఒక కాలు! గుర్రాల గుంపుల్ని అద్దెకు తెచ్చుకునే తాహతు లేని దర్శకుడు ముఖాల్నే యుద్ధభూమి చేశాడు. ఆ దోపిడీలో ముఠాలోని కుర్రవాడు బాబ్ ఫోర్డ్ గాయపడతాడు. జెస్సీ అతన్ని వదిలి పారిపోడు. తన ఇంటికి తీసుకెళ్ళి కట్టు కట్టించి, తిండి పెట్టి, తమ్ముడిలా చూసుకుంటాడు. ఆ తిండి తింటూనే బాబ్ ఇంటి వాసాలు లెక్కపెట్టడం మొదలెడతాడు. ఎందుకంటే జెస్సీని పట్టిస్తే, లేదా చంపితే, గవర్నరు పాత నేరాలన్నీ మాఫీ చేసి పదివేల డాలర్లు బహుమానం ఇస్తాడట. బాబ్‌కి డబ్బు మీద కన్నా మాఫీ మీద ఆశ. మాఫీ దొరికితే దొంగ బతుకు వదిలేసి, ప్రేమించిన సింథీని పెళ్ళాడి, పొలం దున్నుకుని బతకొచ్చు. చూశారా, అతని కోరికలో తప్పేముంది? మనలో ఎవడు కోరుకోడు అలాంటి జీవితం? ఫుల్లర్ ఉచ్చు పన్నేది ఇక్కడే. ద్రోహిని మనకి దగ్గర చేసేశాడు.

మనకి 'వెన్నుపోటు' అని ఒక మాట ఉంది. ఈ బొమ్మ చూస్తే ఆ మాటకి అర్థం మూడుసార్లు బోధపడుతుంది.

మొదటిసారి, జెస్సీ తొట్టిలో కూర్చుని స్నానం చేస్తుంటాడు. బాబ్ చేతిలో పిస్తోలుంది. అది జెస్సీ ఇచ్చిన కానుకే! జెస్సీ అతనికి వీపు తిప్పి, ఇదిగో వీపు, కానీయ్, అన్నట్టు మాట్లాడతాడు. బాబ్ గుండె ఆగినంత పనవుతుంది. తీరా చూస్తే జెస్సీ అడిగింది వీపు రుద్దమని! బాబ్ రుద్దుతాడు. ఆ సీను చూస్తూ హాయిగా ఊపిరి తీసుకోగలిగినవాడు నాకు కనపడితే బహుమానం ఇస్తాను.

రెండోసారి, గోడ మీద పటం కాస్త ఒరిగి ఉంటుంది. జెస్సీ దాన్ని సరిచెయ్యడానికి అటు తిరుగుతాడు. వీపు ఇటు. ఈసారి బాబ్ పేలుస్తాడు. పోరాటం లేదు, సవాళ్ళు లేవు, డైలాగులు లేవు. ఇంటి పెద్ద ఇంట్లో పటం సర్దుకుంటూ చచ్చిపోయాడు. కౌబాయ్ సినిమాల్లో మనం చూసిన తుపాకి పోట్లాటలన్నీ ఒక ఎత్తు, ఈ ఒక్క తూటా ఒక ఎత్తు.

మూడో వీపు సంగతి చివర్లో చెబుతాను.

కొల్లేటి చెరువుల గట్ల మీద రాత్రి కాపలా కాసేవాళ్ళని మీలో చాలామంది చూసే ఉంటారు. ఒకడు మెలకువగా ఉంటే రెండోవాడు పాకలో అటు తిరిగి పడుకుంటాడు. పక్కవాడి మీద ఉన్న నమ్మకమంతా ఆ అటు తిరిగి పడుకోవడంలోనే ఉంది. మనిషి మనిషికి ఇవ్వగలిగిన వాటిలో వీపు కన్నా పెద్ద కానుక లేదనిపిస్తుంది నాకు. అందుకే మన భాషలో ఆ ద్రోహానికి వెన్ను పేరే పెట్టారు.

సరే, చంపేశాడు. మాఫీ దొరికింది. బహుమానం? పదివేలన్నది చేతికి వచ్చేసరికి అయిదువందలైంది! పోనీ, డబ్బు కోసం చెయ్యలేదు కదా, సింథీ ఉంది కదా అని పరిగెత్తుకుంటూ వెళతాడు. ఆమె అతన్ని చూసి వణికిపోతుంది. ఎవరి కోసం చేశాడో ఆ మనిషే అసహ్యించుకుంటుంది.

ఇది మనకి కొత్త కథేం కాదు. భాగవతంలో అశ్వత్థామ ఏం చేశాడు? దొర మెచ్చుకుంటాడనుకుని, నిద్రపోతున్న పసివాళ్ళ తలలు నరికి దుర్యోధనుడి ముందు పెట్టాడు. దుర్యోధనుడంతటివాడు కూడా హర్షించలేదు. భారతంలో అశ్వత్థామకి శ్రీకృష్ణుడు వేసిన శాపం మీకు తెలిసిందే. చావు రాదు, మానని గాయంతో, పలకరించే దిక్కు లేకుండా వేల ఏళ్ళు తిరగాలి. మన కథ ఆ శాపం దగ్గర అశ్వత్థామని అడవిలోకి పంపించి తలుపు వేసేస్తుంది. ఫుల్లర్ కెమెరా పుచ్చుకుని అతని వెనకాలే అడవిలోకి వెళ్ళాడనుకోండి. అదీ ఈ బొమ్మ!

డబ్బు కావాలి కనుక బాబ్ ఒక నాటకాల కంపెనీలో చేరతాడు. ఏం వేషం? తన వేషమే! జెస్సీని తానెలా కాల్చాడో స్టేజి మీద చేసి చూపించాలి. టిక్కెట్టు కొన్న జనం ఈలలు, తిట్లు. 'చేసిన పాపం చెబితే పోతుంది' అంటారు మన పెద్దలు. ఇతను చెప్పడమే కాదు, చేసి చూపిస్తున్నాడు! పోయిందా? స్టేజి మీద జెస్సీ వేషం వేసిన నటుడు వీపు తిప్పగానే బాబ్ చెయ్యి బిగుసుకుపోతుంది. అసలు జెస్సీని కాల్చగలిగినవాడు రంగు పూసుకున్న జెస్సీని కాల్చలేకపోయాడు. పాపం చెబితే పోవచ్చునేమో కానీ, పాపాన్ని టిక్కెట్టు పెట్టి అమ్ముకుంటే మాత్రం పోదు. ఈ సీనుకి వెనక పాట లేదు, ఏడుపు లేదు. జాన్ ఐర్లండ్ ముఖం ఒక్కటే ఉంది. అది చాలు.

ఇంకో సీను. బాబ్ ఒక సారా దుకాణంలో కూర్చుని ఉంటాడు. పొట్టకూటికి పాటలు పాడుకునే ఒకడు వచ్చి జెస్సీ పాట ఎత్తుకుంటాడు. అందులో జెస్సీ వీరుడు, అతన్ని చంపినవాడు పిరికిపంద. ఎదురుగా కూర్చున్నవాడే ఆ పిరికిపందని పాపం ఆ పాటగాడికి తెలియదు. తెలిశాక నోరు పెగలదు. బాబ్ అతన్ని కొట్టడు, కాల్చడు. ఆపకుండా చివరిదాకా పాడమంటాడు! తన మీద కట్టిన తిట్ల పాట తానే కూర్చుని పూర్తిగా వింటాడు.

మనకి బుర్రకథలున్నాయి. 1757 నాటి బొబ్బిలి యుద్ధం కథ చెబుతుంటే, ఫ్రెంచి బుస్సీని వెంటబెట్టుకుని ఇరుగు రాజ్యం మీదికొచ్చిన విజయరామరాజు పేరు వినపడగానే సభంతా పళ్ళు నూరుతుంది. తాండ్ర పాపారాయుడి పేరు రాగానే చప్పట్లు. ఆ సభలో వెనక వరసలో, ముసుగు కప్పుకుని, ఆ విజయరామరాజే కూర్చుని వింటున్నాడనుకోండి! ఏమవుతుంది అతని గుండెలో? మన కథకులెవరైనా ఆ వెనక వరసకి వెళ్ళి చూశారా? ఫుల్లర్ వెళ్ళాడు. బొమ్మ మొత్తం మీద నాకు కలకాలం గుర్తుండిపోయే సీను ఇదే.

కథలో కల్పన చాలా ఉంది కానీ, అసలు చరిత్ర అంతకన్నా చేదు. 1882 ఏప్రిల్ 3న మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్ జోసెఫ్ ఊళ్ళో టామస్ హోవర్డ్ అనే మారుపేరుతో కాపురముంటున్న జెస్సీని బాబ్ ఫోర్డ్ వెనక నుంచి కాల్చాడు. అప్పటికి బాబ్ వయసు 20. అవును, ఇరవయ్యే! కాలేజీ కుర్రాడి వయసు. బాబ్‌కీ, అతనితోపాటు ఉన్న అన్న చార్లీకీ కోర్టు ఉరిశిక్ష వేసింది. అదే రోజు గవర్నరు క్రిటెండెన్ క్షమాభిక్ష పెట్టాడు. ఒకే రోజు చావూ, బతుకూ! స్టేజి నాటకం కూడా నిజమే. అన్నదమ్ములిద్దరూ ఊరూరా ఆడారు. చార్లీ 1884లో తనను తానే కాల్చుకుని పోయాడు. బాబ్ వెండి గనుల ఊరు క్రీడ్ చేరి సారా దుకాణం పెట్టాడు. 1892 జూన్ 8న ఎడ్వర్డ్ ఓకెల్లీ అనేవాడు లోపలికొచ్చి షాట్‌గన్‌తో కాల్చేశాడు. అప్పటికి బాబ్‌కి 30 ఏళ్ళు. చట్టం క్షమించి పదేళ్ళయింది. జనం క్షమించలేదు. తనను తాను క్షమించుకున్నాడో లేదో ఏ రికార్డులోనూ ఉండదు. ఆ ఖాళీలోనే ఫుల్లర్ సినిమా తీశాడు.

అంతకు ముందూ జెస్సీ మీద బొమ్మలొచ్చాయి. 1939లో టైరన్ పవర్ వేసిన 'జెస్సీ జేమ్స్' బ్రహ్మాండమైన రంగుల చిత్రం. అందులో జెస్సీయే హీరో, ఫోర్డ్ ఒట్టి నీచుడు. ఫుల్లర్ చేసిన తమాషా ఏమిటంటే, కుర్చీలు మార్చేశాడు. నీచుణ్ణి హీరో కుర్చీలో కూర్చోబెట్టాడు. అలాగని అతన్ని వెనకేసుకు రాలేదు. చేసింది ఘోరమే అంటూనే, ఆ ఘోరం చేసినవాడి పక్కన 81 నిమిషాలు మనల్ని కూర్చోబెట్టాడు. 2007లో బ్రాడ్ పిట్, కేసీ ఆఫ్లెక్‌లతో ఆండ్రూ డామినిక్ ఇదే కథని చాలా పెద్ద ఎత్తున తీశాడు. అదీ మంచి బొమ్మే. కానీ ఆ దారిలో మొదటి అడుగు వేసినవాడు, చేతిలో పది రోజులు మాత్రమే ఉన్న ఈ మొండివాడే.

ఇక ఆ మూడో వీపు. బొమ్మ చివర్లో సింథీ మనసు కెల్లీ అనేవాడి మీదికి మళ్ళిందని బాబ్‌కి అర్థమవుతుంది. రాత్రిపూట వీధిలో అతన్ని సవాలు చేస్తాడు. కెల్లీ ఏం చేస్తాడంటే, వీపు తిప్పుతాడు! నీకు అలవాటైన పనేగా, కానీయ్ అన్నట్టు. జెస్సీ తెలియక అప్పగించిన వీపుని కెల్లీ తెలిసే చూపించాడు. ఆ వీధిలో ఆఖరికి నేలకొరిగేది బాబే. పోతూ పోతూ సింథీతో అంటాడు, జెస్సీకి చేసినదానికి బాధపడుతున్నాననీ, అతనంటే తనకి ప్రేమనీ. బొమ్మ మొదటి నుంచీ మనకి తెలుస్తూనే ఉన్న మాట, అతని నోటి నుంచి రావడానికి ప్రాణం పోవాల్సి వచ్చింది.

ఈ బొమ్మలో లోపాలు లేవా అంటే, ఉన్నాయి. సింథీ పాత్రని ఇంకా గట్టిగా రాయాల్సింది. ప్రేమ సీన్లు వచ్చినప్పుడల్లా కథ నీరసిస్తుంది. డబ్బు చాలలేదని సెట్టింగులు చూస్తే తెలిసిపోతుంది. అయినా ఇందులోని బలం ముందు అవన్నీ దిగదుడుపే. మొదటి బొమ్మకే మనిషి ఏం చెప్పదలుచుకున్నాడో అది చెప్పేశాడు. తర్వాత 'స్టీల్ హెల్మెట్', 'పికప్ ఆన్ సౌత్ స్ట్రీట్', 'షాక్ కారిడార్'... ఏది తీసినా ఎవరి మెప్పుకోసమూ తియ్యలేదు. 1997లో పోయేదాకా అదే మొండితనం.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, సినిమా పిచ్చితో హైదరాబాదు బస్సెక్కాలనుకునే తమ్ముళ్ళు నాకు చాలామంది తెలుసు. వాళ్ళ నోట ఎప్పుడూ ఒకటే మాట: బడ్జెట్టు లేదన్నా! కౌబాయ్ కథ తియ్యడానికి ఎడారి కావాలి, గుర్రాలు కావాలి, కోట్లు కావాలి అంటారు. ఫుల్లర్‌ని చూడండి. కౌబాయ్ టోపీ ఒక నెపం మాత్రమే. అసలు సరుకు ఇద్దరు స్నేహితులు, ఒక వీపు, ఒక తూటా, ఆ తర్వాత పట్టని నిద్ర. ఇందులో ఎడారి అవసరం ఎక్కడుంది? కొల్లేటి గట్టు మీద ఒక పాక చాలు. కాపలా కాస్తున్న ఇద్దరు ప్రాణస్నేహితులు. ఒకడికి చెల్లెలి పెళ్ళి అవసరమో, ప్రేమించిన పిల్ల బెంగో. ఎవడో వచ్చి ఫలానా రాత్రి నువ్వు కళ్ళు మూసుకుంటే ఇంత ఇస్తానంటాడు. మూసుకుంటాడు. తెల్లారేసరికి చెరువు ఖాళీ, నింద రెండోవాడి మీద. మన మామూలు సినిమా అయితే అక్కణ్ణుంచి రెండోవాడి పగ మొదలవుతుంది. అలా కాకుండా కెమెరాని మొదటివాడి దగ్గరే ఉంచి చూడండి. పెళ్ళిపందిట్లో వాడు అన్నం ఎలా మింగుతాడో చూపించండి. ఊరంతా స్నేహితుణ్ణి తిడుతుంటే వాడు ఏ వైపు చూస్తాడో చూపించండి.

మీకో పని పెడుతున్నాను. ఇలాంటి కథ తెలుగులో తీస్తే ఆ ద్రోహి వేషానికి ఎవరిని పెడతారో ఉత్తరం రాయండి. విలన్ వేషాలు వేసేవాళ్ళ పేర్లు మాత్రం వద్దు, అది తేలిక. మీరు వాల్‌పోస్టరుకి దండ వేసే హీరో ఉన్నాడే, ఆయన పేరు రాయడానికి మీకు చెయ్యాడుతుందా లేదా, అది తెలుసుకోవాలని ఉంది.